ఫ్లోరైడ్, ఫ్లెక్సీ, ఒక దండం బొమ్మ

నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం 2007లో పుట్టింది, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో. వాట్సప్ పుట్టింది 2009లో. వయసులో మన యూనివర్సిటీలే పెద్దవి. అయినా విదేశీ విద్యార్థులతో ఉమ్మడి ప్రాజెక్టు అనేసరికి పెద్దవాళ్లు చిన్నవాడి పంచన చేరక తప్పడం లేదు. ఆ పంచన ఎట్లా మసులుకోవాలో మన పిల్లల క్షేమం కోరి కొన్ని ముక్కలు.

విషయం వెతుక్కునే పనిలేదు. మునుగోడు, మర్రిగూడ బోరునీళ్లలో ఫ్లోరైడ్ సంగతి లోకమెరిగినదే. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరు. ఇథియోపియా రిఫ్ట్ లోయలోనూ దాన్ని అదే పేరుతో వాడి చూశారు. కాబట్టి గ్రూపులో మనవాళ్లు, ఇథియోపియావాళ్లు, లెక్కలకు జర్మనీవాళ్లు ఉన్నారనుకుందాం.

మొదట ఫ్లెక్సీ. నీళ్ల నమూనా లేకున్నా ప్రాజెక్టు నడుస్తుంది, ఫ్లెక్సీ లేకుంటే నడవదు. అతిథుల జెండా మీద మాత్రం జర కన్నుండాలి. ఇథియోపియా జెండాలో ఆకుపచ్చ పైన, ఎరుపు కింద. తలకిందులుగా అచ్చేస్తే ఘనా రంగుల వరుస వస్తుంది, సహకారం ఇంకో దేశానికి విస్తరిస్తుంది. ఇక ప్రారంభ సభ. ఉచిత జూమ్ 40 నిమిషాలకు తెగిపోతుంది. పెద్దల పరిచయం, జ్యోతి ప్రజ్వలన, శాలువాలు 37 నిమిషాల్లో ముగించగలిగితే విద్యార్థులకు మూడు మిగులుతాయి. అందులో రెండు “ఇనబడుతుందా?” అనడానికి.

గడియారం దగ్గర అసలు సంస్కృతి తగులుతుంది. ఇథియోపియాలో లెక్క పొద్దు పొడుపుతో మొదలు. మనం ఉదయం ఏడనేది వాళ్ల వాడుకలో ఒంటిగంట. “మూడింటికి కలుద్దాం” అని వాళ్లంటే అక్కడ పొద్దున తొమ్మిది, ఇక్కడ పదకొండున్నర. మనవాళ్లు అన్నం తిని, ఒక కునుకు తీసి, మధ్యాహ్నం మూడింటికి లింకు తెరుస్తారు. జర్మనీవాళ్లేమో అక్టోబరు ఆఖరి ఆదివారం గడియారం గంట వెనక్కి తిప్పుతారు. మనతో మూడున్నర గంటల తేడా నాలుగున్నర అవుతుంది. క్యాలెండర్ ఆహ్వానం పంపితే ఎవరి ఫోన్లో వాళ్ల టైం పడుతుంది గానీ, అట్లా చేస్తే “సార్, ఏ టైం?” అనే సందడి పోయి గ్రూపు చిన్నబోతుంది. పొద్దున ఆరింటికి పంపే మందారపువ్వు శుభోదయం చలికాలంలో బెర్లిన్‌లో రాత్రి ఒకటిన్నరకు మోగుతుందని కూడా ఎవరూ దిగులు పడరాదు. పువ్వు పువ్వే.

తాగునీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దు. జర్మన్ సెట్టింగున్న ఎక్సెల్‌లో దశాంశానికి కామా పెట్టాలి, చుక్క తేదీది. 1.5 అని కొట్టగానే అది మే 1 అయి కూర్చుంటుంది, 2.4 ఏప్రిల్ 2 అవుతుంది. ఫ్లోరైడ్ గీత మీదున్న ప్రతి బోరూ కార్మిక దినోత్సవం జరుపుకుంటుంది. తర్వాత సెట్టింగు మార్చినా తేదీగా మారిన అంకె వెనక్కి రాదు. అందుకే ఒకే గూగుల్ షీటు తెరిచి, మొదటి అంకె వేయకముందే ఫైల్, సెట్టింగ్స్‌లోకి పోయి లొకేల్, అంటే అంకెలూ తేదీలూ ఏ దేశపు తీరులో రాయాలన్నది, ఒకటి ఖాయం చేసుకోవాలి. ఇది అర నిమిషం పని. అర నిమిషం పనికి శాలువా రాదు కనుక ఎవరూ చేయరు.

బోరు ఫోటో వాట్సప్‌లో మామూలుగా పెడితే అది నాణ్యత తగ్గి చిక్కిపోతుంది, లొకేషన్ కూడా ఊడిపోతుంది. డాక్యుమెంటుగా పంపితే రెండూ నిలుస్తాయి. ఊరి పేరు ఇంగ్లిషులో తలా ఒక తీరుగా రాస్తే ఒక్క బోరు షీటులో మూడు బోర్లవుతుంది. సీసా మీద, ఫోటోలో, షీటులో ఒకటే నంబరు ఉంటే సరి. సీసా ప్లాస్టిక్‌దై ఉండాలి. గాజు ఫ్లోరైడ్‌తో చెలిమి చేస్తుంది. ఊళ్లో సులువుగా దొరికే గాజు సీసాలు ఏవో అందరికీ తెలుసు, అవి వేరే పరిశోధనకు.

భాష సంగతి. జర్మనీ అమ్మాయి “ఈ వరుస తప్పు” అని రాస్తుంది. మన తమ్ముడు మూడు రోజులు అలుగుతాడు. మనం “చూస్తం మేడం” అంటాం. పాపం, ఆమె నిజంగానే చూస్తారనుకుని తేదీ అడుగుతుంది.

ఒకరోజు ఇథియోపియా పిల్లవాడు అడుగుతాడు: “పటిక వేస్తే నీళ్లలో అల్యూమినియం మిగులుతోంది. అడుగున రోజూ బురద పేరుకుంటోంది. పద్ధతికి మీ ఊరి పేరే ఉంది కదా, మీరు ఆ బురదను ఏం చేశారు?”

ఇరవై ముగ్గురు చూస్తారు. ఒకరు దండం బొమ్మ పెడతారు. దాని కిందనే అడ్మిన్ సర్టిఫికెట్ ఫారం లింకు వేస్తాడు: ఆరింటికి మూసేస్తాం. ఎవరి ఆరో రాయడు.