లాసిక్స్ ఆపడం క్రూరత్వం కాదు

నల్లగొండ, మిర్యాలగూడ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. పందెం రోజు లాసిక్స్ సూది వేయకపోతే గుర్రం ఊపిరితిత్తుల్లో రక్తం కారి చచ్చిపోతుందట, అది గుండె జబ్బు ఉన్నవాళ్లకు ఇచ్చే మందే కాబట్టి నష్టమేమీ లేదట, అమెరికాలో ఇస్తుంటే మన మలక్‌పేటలో ఇవ్వనివ్వకపోవడం క్రూరత్వమట. రేసులకు వెళ్లే మనవాళ్లు నమ్మి పంపిస్తున్నారు కాబట్టి చెప్పాల్సి వస్తోంది.

"చచ్చిపోతుంది" అన్నది భయపెట్టే మాట. గట్టిగా పరిగెత్తినప్పుడు ఊపిరితిత్తుల్లోని సన్నటి రక్తనాళాల మీద ఒత్తిడి బాగా పెరిగి అవి చిట్లుతాయి. పందెం అయ్యాక ఎండోస్కోప్‌తో, అంటే కెమెరా ఉన్న సన్నటి గొట్టంతో, లోపల చూస్తే చాలా గుర్రాల్లో ఎంతో కొంత రక్తం కనబడుతుంది, నిజమే. ముక్కులోంచి కారేది మాత్రం కొద్ది గుర్రాలకే, ప్రాణం పోవడం ఇంకా అరుదు.

మందు పనిచేయదని నేను అనను. దక్షిణాఫ్రికాలో 167 గుర్రాలను ఒకసారి లాసిక్స్‌తో, ఇంకోసారి ఉత్త సెలైన్‌తో పరిగెత్తించి చూశారు, 2009లో ఫలితాలు వచ్చాయి, మందు వేసినప్పుడు రక్తం కారడం స్పష్టంగా తగ్గింది.

అయితే నష్టమేమీ లేదనడం దగ్గరే నాకు కోపం వస్తుంది. ఇది మూత్రం పోయించే మందు. పందేనికి నాలుగు గంటల ముందు వేస్తే ఒంట్లో నీళ్లు, లవణాలు పోయి గుర్రం 10 నుంచి 15 కిలోల దాకా బరువు తగ్గుతుంది. హ్యాండికాప్ పందేల్లో గుర్రం మీద మోయించే బరువును అర కిలో, కిలో అటూ ఇటూ చేసి గుర్రాలను సమానం చేస్తారు కదా, అలాంటి చోట ఇంత బరువు దిగిపోతే రక్తం కారని గుర్రానికి కూడా లాభమే, అందుకే అమెరికాలో ఏళ్ల తరబడి జబ్బున్నా లేకున్నా దాదాపు అన్నిటికీ వేశారు. పైగా ఊపిరితిత్తికి అప్పటికే అయిన గాయాన్ని ఇది మాన్పదు.

ఆ అమెరికాలోనే 2021లో కెంటకీ డెర్బీ అనే పేరుమోసిన గుర్రపు పందెం, ఆ రోజు లాసిక్స్ వేయకుండానే నడిచింది. బ్రిటన్, ఫ్రాన్స్, జపాన్, హాంకాంగ్‌లలో పందెం రోజు దీన్ని వేయనివ్వరు. ఆస్ట్రేలియాలో అయితే రెండు ముక్కుల్లోంచీ రక్తం వస్తే మొదటిసారి మూడు నెలలు పందేలకు దూరం, రెండోసారి వస్తే జీవితాంతం నిషేధం. గుర్రం మీద నిజంగా ప్రేమ ఉన్నవాళ్లు అడగాల్సింది అలాంటి విశ్రాంతి, సూది కాదు.