వరద రాత్రి తట్టుకునే సర్వర్‌కు ఏ ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్?

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక వెలువడిందంటే, ఆ నీరు ధవళేశ్వరం బ్యారేజీకి దిగకముందే కోనసీమ లంకల వారూ, హైదరాబాద్‌లోనూ గల్ఫ్‌లోనూ ఉంటున్న వారి పిల్లలూ ఫోన్లు తెరిచి నీటిమట్టం ఎంతో వెతుకుతారు. అద్దె సర్వర్ మీద నడిచే స్థానిక వార్తా సైటుకు అసలు పరీక్ష ఆ రాత్రే. అలాంటి సర్వర్‌కు ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎంచుకునేటప్పుడు చర్చంతా ఏది వేగమైనదన్న దగ్గరే ఆగిపోవడం సరికాదు. భద్రతా సవరణలు ఎన్నేళ్లు వస్తాయి, అర్ధరాత్రి మొరాయిస్తే సరిచేయగలవారు చుట్టుపక్కల ఎవరున్నారు అన్నవే తేల్చుకోవలసిన ప్రశ్నలు.

వేగం సంగతి చాలావరకు తేలిపోయింది. ఒకే యంత్రం పదివేల కనెక్షన్లను ఎలా మోయాలన్నది 1999 నాటి ప్రశ్న. దానికి జవాబుగా ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌లైన ఫ్రీబీఎస్‌డీ 2000లో కేక్యూ అనే, లినక్స్ 2003 నాటి 2.6 కెర్నల్‌తో (సిస్టమ్ కేంద్ర భాగంతో) ఈపోల్ అనే పద్ధతులను తెచ్చాయి; రెండూ వేల కనెక్షన్లను ఒకేసారి గమనించేవే. పేజీలను పాఠకులకు అందించే ప్రోగ్రామ్ ఎంజిన్ఎక్స్ ఈ రెండు సిస్టమ్‌లపైనా చక్కగా పనిచేస్తుంది. సైటు పడిపోయేది వేరే చోట. లినక్స్‌లో ఒక ప్రోగ్రామ్ ఒకేసారి తెరిచి ఉంచగల ఫైళ్ల హద్దు సాధారణంగా 1024 ఉంటుంది. ప్రతి కనెక్షన్‌నూ ఒక ఫైలుగానే లెక్కిస్తారు. వెనక ఉండి పేజీని తయారుచేసే పీహెచ్‌పీతో మాట్లాడటానికి ఇంకొకటి కావాలి. అంటే ఆ ప్రోగ్రామ్‌పై ఐదు వందల మంది దాటేసరికి సర్వర్ తన పనితీరును రాసుకునే లాగ్‌లో ‘టూ మెనీ ఓపెన్ ఫైల్స్’ (తెరిచిన ఫైళ్లు మరీ ఎక్కువయ్యాయి) అని వరుసగా పడటం మొదలవుతుంది. ఈ హద్దును పెంచుకోవడం, అందరికీ ఒకేలా కనిపించే నీటిమట్టం పేజీని నిమిషంపాటు నిల్వ ఉంచి అందించడం, సిస్టమ్ మార్చడం కంటే ఎన్నో రెట్లు మేలు చేస్తాయి.

మద్దతు కాలం విషయం అలా కాదు. 2029 వరకు నడుస్తుందని నమ్మి లినక్స్ రూపాల్లో ఒకటైన సెంట్‌ఓఎస్ 8 పెట్టుకున్నవారికి, అది 2021 డిసెంబరుతోనే ముగుస్తుందని 2020 డిసెంబరులో తెలిసింది. ఉచితంగా దొరికేదైనా దాని భవిష్యత్తు ఎవరి చేతిలో ఉందో చూడాలన్నది అప్పుడు ఎందరికో అనుభవానికి వచ్చింది. ఆ ఖాళీలో పుట్టిన ఆల్మాలినక్స్, రాకీ లినక్స్ ఒక్కో ప్రధాన వెర్షన్‌కు పదేళ్ల మద్దతు ఇస్తున్నాయి, అవీ మంచివే. అయినా నా మొగ్గు మరో లినక్స్ రూపమైన డెబియన్ వైపే. 1993లో మొదలై స్వచ్ఛంద కార్యకర్తల చేతుల్లోనే నడుస్తున్న ఆ ప్రాజెక్టును ఏ ఒక్క కంపెనీ నిర్ణయమూ రాత్రికి రాత్రి మూసేయలేదు. సుమారు రెండేళ్లకొక స్థిర వెర్షన్ వస్తుంది; మూడేళ్ల పూర్తి మద్దతు, ఆపై రెండేళ్ల దీర్ఘకాలిక మద్దతు ఉంటాయి. సాధారణంగా వెర్షన్ మార్చకుండానే లోపాన్ని మాత్రమే సరిచేసి ఇస్తారు కాబట్టి, ఆగస్టులో అప్‌డేట్ చేసినా పీహెచ్‌పీ తీరు మారిపోయి సైటు ఆగిపోతుందన్న భయం తక్కువ.

ఫ్రీబీఎస్‌డీని తక్కువ చేయడం లేదు. ఫైళ్లను భద్రంగా దాచే జెడ్ఎఫ్ఎస్, ప్రోగ్రామ్‌లను ఒకదానికొకటి తగలకుండా విడిగా ఉంచే జైల్స్ అందులో ఎంతో చక్కగా అమరి ఉంటాయి. నెట్‌ఫ్లిక్స్ తన వీడియోలను దాని మీదనుంచే అందిస్తోంది. కానీ నెట్‌ఫ్లిక్స్‌కు కెర్నల్‌నే తిరగరాయగల ఇంజనీర్లున్నారు. అమలాపురంలోనో భీమవరంలోనో రాత్రి రెండు గంటలకు ఫోన్ చేస్తే పలికే కుర్రాడు ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో ఉబుంటు మీద నేర్చుకున్నవాడై ఉంటాడు. ఉబుంటు డెబియన్ నుంచి వచ్చినదే కాబట్టి, అతనికి తెలిసిన ఆదేశాలే ఇక్కడా పనికొస్తాయి. నా దృష్టిలో ఈ ఒక్క కారణమే మిగతా కొలతలన్నిటినీ మించుతుంది.

ఇక కొత్త వెర్షన్‌కు మారే వేళ. డెల్టాలో కాలువల మరమ్మతులను నీళ్లు కట్టేసిన వేసవిలో చేసుకున్నట్టే, ఈ పనినీ మే నెలాఖరులోగా ముగించుకోవాలి. రెండో సర్వర్‌ను నెలపాటు అద్దెకు తీసుకుని, కొత్త వెర్షన్‌ను అందులో ఎక్కించి, వరద నాటి రద్దీని కృత్రిమంగా పంపి చూసి, నిలబడ్డాకే డొమైన్‌ను దానికి మళ్లించాలి. సర్వర్‌లోకి వెళ్లే తాళం కనీసం ఇద్దరి దగ్గరైనా ఉండాలి. వారిలో ఒకరు లంక గ్రామాల వారు కాకపోతే మంచిది, ఎందుకంటే వరద వచ్చిన రాత్రి అక్కడ కరెంటు ఉండదు.