సవరణ: టైరాడ్స్ 4 అంటే నాలుగో స్టేజ్ కాదు

మొన్న కావలి పిన్నమ్మ థైరాయిడ్ స్కాన్ గురించి రాస్తూ, ‘టైరాడ్స్ 4 అంటే క్యాన్సర్ నాలుగో స్టేజ్’ అన్నాను. అది తప్పు, నేనే పొరబడ్డాను. నెల్లూరులో రేడియాలజీ డాక్టరు గారు విడమరిచి చెప్పారు; అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ 2017 మార్గదర్శకాల్లోనూ అదే ఉంది.

టైరాడ్స్ అంటే స్టేజ్ కాదు, థైరాయిడ్‌లోని గడ్డ క్యాన్సర్ కావచ్చా అని స్కాన్ చూసి 1 నుంచి 5 వరకు ఇచ్చే అనుమానపు స్థాయి. గడ్డ గట్టిదా, నీరుందా, స్కాన్‌లో ఎంత నల్లగా ఉంది, వెడల్పు కన్నా ఎత్తు ఎక్కువా, అంచులెలా ఉన్నాయి, లోపల సన్నటి తెల్ల చుక్కలున్నాయా అని చూసి పాయింట్లు వేస్తారు. 4లో ఎక్కువ శాతం గడ్డలు క్యాన్సర్ కావు. ఈ స్థాయికి 1.5 సెంటీమీటర్లు, ఆపైన ఉంటేనే సూది పరీక్ష (గడ్డలోంచి సూదితో కణాలు తీసి చూడటం) చేయించమంటారు. పిన్నమ్మది 1.2, ఏడాదికి మళ్లీ స్కాన్ చేయించమన్నారు. నా మాట చదివి టెన్షన్ పడ్డవాళ్లు, దయచేసి రిపోర్ట్ మీ డాక్టరుకే చూపించండి.