సంతకం మీది, లెక్క ఎవరిది?

థీసిస్ గడువు దగ్గరపడితే ఒంగోలులోనైనా నెల్లూరులోనైనా అదే తంతు. పీజీ మెడికోలు, బయోటెక్ స్కాలర్లు నెలల తరబడి సేకరించిన డేటాను ఎక్సెల్ షీటులోకి ఎక్కించి, డబ్బులిచ్చి బయటివాళ్ల చేతిలో పెడతారు. నాలుగు రోజుల్లో పట్టికలు, పీ వాల్యూలు (ఫలితం కాకతాళీయమేమో అంచనా వేయడానికి వాడే అంకెలు) తయారై వస్తాయి. విద్యార్థి సంతకం పెడతాడు, గైడ్ కూడా పెడతారు. లోపల ఏ లెక్క జరిగిందో చాలాసార్లు ఇద్దరికీ తెలియదు. కాలేజీల్లో ఇది బహిరంగ రహస్యం. ఇంత మామూలు వ్యవహారమైపోవడమే మమ్మల్ని కలవరపెడుతోంది.

పరిశోధన చేసే వైద్య, జీవశాస్త్ర విద్యార్థులకు అవసరమైన మేరకు గణితం రావాల్సిందే అన్నది మా మాట. మోయలేనంత సిలబస్ ఇప్పటికే ఉందని, సాఫ్ట్‌వేర్ ఉండగా బైపీసీ పిల్లలకు మళ్లీ లెక్కల టెన్షన్ ఎందుకని కొందరు అంటున్నారు. ఓపీలో రోగులను చూసే డాక్టరు వరకైతే సరే. పరిశోధకుడినని రిజిస్టర్ చేయించుకున్నవారికి ఆ మినహాయింపు లేదు.

ఫ్లోరైడ్ బెడద ఉన్న కనిగిరి ప్రాంతాన్నే తీసుకోండి. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఐదు బోర్లలో 0.4, 0.5, 0.6, 0.7, 4.3 వచ్చాయనుకుందాం. సగటు 1.3. కాగితం మీద నీళ్లు భేషుగ్గా ఉన్నట్టే. ఐదో బోరు నీళ్లు తాగే పిల్లల పళ్లకు మాత్రం గార పడుతూనే ఉంటుంది. సగటు అడిగితే సాఫ్ట్‌వేర్ సగటే ఇస్తుంది. ఇక్కడ సగటు చూడకూడదన్న సంగతి సంతకం పెట్టేవాడికి తెలియాలి.

అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో జన్యువులను బట్టి క్యాన్సర్ మందు ఎంచవచ్చన్న పరిశోధనలో జన్యువుల జాబితా ఒక వరుస జరిగిపోయి, ఒక జన్యువు అంకెలు మరో జన్యువు పేరు మీద పడ్డాయి. ఆ పరిశోధనను నమ్మి రోగులపై ట్రయల్స్ కూడా పెట్టారు. బయటి గణాంక నిపుణులు ఇద్దరు లెక్కలన్నీ తిరగేసి తప్పులు బయటపెట్టారు. ట్రయల్స్ పూర్తిగా ఆగేసరికి 2010 వచ్చింది. అక్కడా పేపర్ల మీద పెద్దపెద్ద పేర్లే ఉన్నాయి.

గణాంకశాస్త్రం, సంభావ్యత పరిశోధన చేసే అందరికీ తప్పనిసరి. బ్యాక్టీరియా పెరుగుదల, ఒంట్లో మందు తగ్గే వేగం అర్థం కావాలంటే లాగరిథమ్‌లు, కొంచెం కాలిక్యులస్ కావాలి. జన్యు డేటా జోలికి వెళ్తే మాత్రికలూ రావాలి. ఆపైన నిపుణుడి సాయం తీసుకోవడం తప్పు కాదు. కానీ ఎంతమంది రోగులను తీసుకోవాలో తేల్చే రోజే ఆయన దగ్గరికి వెళ్లాలి. థీసిస్ బైండింగ్‌కు ఇచ్చే ముందు రోజు వెళ్లి ఏం లాభం?

ఈ తప్పులో గైడ్లదే పెద్ద వాటా. తమకు రాని లెక్క విద్యార్థికి వచ్చేసిందని సర్టిఫై చేయడం ఏం న్యాయం? గైడ్లారా, ఈసారి థీసిస్ టేబుల్ మీదకు వస్తే, అందులో ఒక్క పట్టిక ఎలా వచ్చిందో విద్యార్థి చేత తెల్లకాగితం మీద చేయించండి. అతను చేయలేకపోయినా, చేసింది మీకు అర్థం కాకపోయినా పెన్ను మూత తీయకండి.