ప్రమాణం తర్వాత వచ్చే సాయంత్రం

మందు మానేస్తానని కాణిపాకం వినాయకుడి ముందు ప్రమాణం చేసేవాళ్లను మా చిత్తూరు వైపు చూడనివాళ్లు ఉండరు. కోనేట్లో మునిగి, తడి బట్టలతోనే స్వామి ముందు నిలబడతారు. పక్కన భార్యో తల్లో కళ్లు తుడుచుకుంటూ ఉంటుంది. మా చిన్నాయన కూడా అలాగే నిలబడ్డాడు. చేతులు వణుకుతుంటే చలికేమో అనుకున్నాం. ఆ ప్రమాణం తొమ్మిది రోజులు నిలిచింది.

దేవుడి ముందే అబద్ధమాడాడని ఇంటిల్లిపాదీ తిట్టాం. ఆయన ఒక్క మాటే అన్నాడు: "పొద్దున పూట బాగానే ఉంటాది రా అబ్బోడా. సాయంత్రం ఆరు కొడితే కాళ్లు ఆ పక్కకే పోతాయి." అప్పుడు అది సాకు అనిపించింది. ఇప్పుడు ఆలోచిస్తే, తన జబ్బు గురించి ఆయన చెప్పినంత కచ్చితంగా మాలో ఎవరమూ చెప్పలేదు. ఆయనకు లేనిది భక్తీ కాదు, పట్టుదలా కాదు. సాయంత్రం ఆరింటికి వెళ్లి కూర్చునే చోటు.

అయ్యప్ప మాల సంగతే చూడండి. ఏళ్ల తరబడి తాగినవాళ్లు కూడా ఆ 41 రోజులు చుక్క ముట్టరు. భక్తి ఒక్కటే కారణమని నేను అనుకోను. చీకటి పడితే భజన ఉంటుంది, గురుస్వామి ఉంటాడు, ఒకరోజు కనిపించకపోతే "ఏం స్వామీ, నిన్న రాలేదే" అని అడిగే పదిమంది ఉంటారు. మాల తీశాక ఎవరిళ్లకు వాళ్లు పోతారు. చాలామంది మళ్లీ జారేది అక్కడే.

మాల తీసే రోజంటూ లేని అలాంటి సావాసమే ఆల్కహాలిక్స్ అనానిమస్, అందరూ పిలిచేది ఏఏ అని. 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో, తాగుడుతో చితికిపోయిన ఒక షేర్ బ్రోకరూ ఒక సర్జనూ ఒకరికొకరు ఆసరాగా నిలబడటంతో మొదలైంది. 1957 నుంచి మన దేశంలోనూ ఉంది. ఫీజు లేదు, పూర్తి పేరు చెప్పక్కర్లేదు, మానాలన్న కోరిక ఉంటే చాలు. ఇదేదో ఓదార్పు కార్యక్రమం అని తీసిపారేయకండి. 10 వేల మందికి పైగా పాల్గొన్న 27 అధ్యయనాలను 2020లో, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్షించింది. పూర్తిగా మానేసి నిలబడే విషయంలో, ఏఏ బాటలో నడిపించే పద్ధతి మిగతా చికిత్సల కంటే మెరుగ్గా పనిచేస్తోందని తేలింది.

మరి ఇంత మంచిది మన ఊళ్లో ఎందుకు కనబడదు? ప్రచారం చేసుకోకూడదన్నది ఏఏ నియమం. అది సబబే, సభ్యుల గుట్టు కాపాడాలి కదా. కానీ ఆ పక్క మద్యం షాపుకు పెద్ద బోర్డు, పొద్దున 10 నుంచి రాత్రి 10 దాకా లైట్లు. 2024 అక్టోబరులో రాష్ట్రమంతటా 3,396 షాపులను ప్రైవేటుకు ఇచ్చారు. మానాలనుకునేవాళ్లు కలిసి కూర్చుని మాట్లాడుకునే ఏఏ మీటింగేమో వారంలో ఏదో ఒక సాయంత్రం, ఏ స్కూలు గదిలోనో గంటన్నర జరిగి ముగిసిపోతుంది. ఢిల్లీ ఎయిమ్స్ 2019లో ఇచ్చిన నివేదిక ప్రకారం, మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఏదో ఒక చికిత్స అందినవాళ్లు ఒక్కరే. మిగతా 37 మందీ మొండివాళ్లేనంటే నేను నమ్మను.

చిన్నాయనకు దారి దొరికింది వేలూరులో, ఒక ఆస్పత్రి వరండాలో. పక్కన కూర్చున్న పెద్దాయన ఎవరో ఓపీ చీటీ వెనక వారం, టైము, స్కూలు పేరు రాసిచ్చాడు. మొదటిసారి నేనూ తోడు వెళ్లాను. బయటివాళ్లు కూడా కూర్చోగలిగే ఓపెన్ మీటింగ్ అది. పదకొండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక ఫ్లాస్కులో టీ. చిన్నాయన తలుపు పక్క కుర్చీలో, చెప్పులు విప్పకుండా కూర్చున్నాడు. మాటలన్నీ అరవంలో. చిత్తూరు వాళ్లకు అరవం కొత్తేమీ కాదు గానీ, కడుపులోది చెప్పుకోవాలంటే తెలుగే రావాలి. అయినా ఆయన వేలూరే నయమన్నాడు. "ఈడైతే మనల్ని ఎవురూ గుర్తుపట్టరు."

ఒక్క విషయం మాత్రం అందరికీ గట్టిగా చెప్పాలి. రోజూ బాగా తాగేవాళ్లు ఒట్టు పెట్టుకుని ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, లేనివి కనిపించవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. గాలి సోకిందని తాయెత్తు కట్టించుకుంటూ కూర్చోకండి. ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. తిరుపతి రుయా ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. మీటింగు దాని తర్వాతి మెట్టు. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 14446కు ఫోన్ చేయండి, మత్తు మాన్పించడానికి కేంద్రం నడిపే ఉచిత హెల్ప్‌లైన్ అది. మీటింగుల చోట్లు, వేళలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు కనుక్కోండి. ఇంట్లోవాళ్ల కోసం అల్-అనాన్ అని వేరే మీటింగులు ఉంటాయి. మా చిన్నమ్మకు వాటి సంగతి చెప్పినవాళ్లే లేరు.

నేను అడిగేది పెద్ద ఖర్చు కాదు. రుయాలో ఓపీ చీటీలు ఇచ్చే చోట, చిత్తూరు ప్రభుత్వాసుపత్రిలో, కాణిపాకంలో ప్రమాణం చేసి తడి బట్టలతో బయటికొచ్చే దారిలో తెలుగులో ఒక చిన్న బోర్డు పెట్టండి. దగ్గర్లో మీటింగు ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ. ఈ మూడు ముక్కలు తెలుసుకోవడానికి మా చిన్నాయనకు ప్రమాణం చేసిన రోజు నుంచి పదకొండు నెలలు పట్టింది.