72వ కాలమ్ దాటితే కళ్లు మూసుకునే మెయిన్‌ఫ్రేమ్ గారికి

మహారాజశ్రీ మెయిన్‌ఫ్రేమ్ అనబడే భారీ ఆఫీసు కంప్యూటర్ గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేము క్షేమం కాదు. మీరు క్షేమమేనని తెలుసు, 1964లో ఐబీఎం సిస్టమ్/360 అని దిగిన దగ్గర్నుంచి మీ వంశానికి జలుబు కూడా చేసినట్టు లేదు.

నిన్న మధ్యాహ్నం మొత్తం పోయిందండీ, ఒక్క ఫుల్‌స్టాప్ కోసం. కోబాల్ అనే పాతకాలపు కంప్యూటర్ భాషలో రాసిన ప్రోగ్రామ్‌లో ఎవరో ఫీల్డ్ పేరుకి ఒక అక్షరం పెంచారు, దాంతో లైన్ చివరున్న చుక్క ఒక గడి జరిగి 73వ కాలమ్‌లో పడింది. 72 దాటితే తమరు చూడరు కదా. సరే చూడకండి, కనీసం ఒక వార్నింగ్ పడేయొచ్చుగా? పడేయరు. చుక్క లేదు కాబట్టి ఇఫ్ (షరతు కుదిరితేనే చెయ్యి అనే ఆజ్ఞ) ముగియలేదు, దాని కిందున్న టోటల్ కూడే లైన్ కూడా ఇఫ్ లోపలికే వెళ్లిపోయింది, కండిషన్ కుదిరిన రికార్డులే లెక్కలోకొచ్చాయి, మిగతావి గాలికి. కంపైల్ క్లీన్. జాబ్ రిటర్న్ కోడ్ జీరో, అంటే అంతా బానే ఉందని. టోటల్ మాత్రం తప్పు. స్క్రీన్ మీద ఆ చుక్క నా కళ్లెదురుగానే ఉంది, నాకు కనిపిస్తోంది, నీకు కనిపించట్లేదు!

ఇదంతా ఎందుకయ్యా అంటే 73 నుంచి 80 వరకు గడులు పంచ్ కార్డుల (ప్రోగ్రామ్ లైన్లు చిల్లులుగా కొట్టే అట్టముక్కల) వరస నంబర్ల కోసమట, కార్డుల కట్ట చేజారి కింద పడితే మళ్లీ వరసగా పేర్చుకోడానికి. మంచి ఆలోచనే, కాదన్లేదు. కానీ ఇప్పుడు నా దగ్గర కార్డులెక్కడున్నాయి స్వామీ కింద పడేయడానికి? కోబాల్ 2002 స్టాండర్డ్‌లో ఈ గడుల గోల లేని ఫ్రీ ఫార్మాట్ కూడా వచ్చింది, ఆ గాలి మా ప్రోగ్రాముల వైపు ఇంకా వీచలేదు. లేని కార్డుల కోసం ఎనిమిది గడులు ఖాళీగా ఉంచి, ఉన్న మనిషి మధ్యాహ్నం తినేస్తావా? సిగ్గుండాలి.

ఏ జాబ్ ఎలా నడపాలో నీకు చెప్పే జేసీఎల్ సంగతీ అంతే, పారామీటర్ల మధ్య పొరపాటున ఒక స్పేస్ పడితే ఆ లైన్లో మిగిలినదంతా కామెంటే నీకు, పట్టించుకోకుండా వదిలేస్తావు. నంబర్ ఉండాల్సిన ఫీల్డ్‌లో స్పేసులొస్తే మాత్రం అర్ధరాత్రి సాక్ సెవెన్ ఎర్రర్ అని లేపుతావు, అప్పుడు గొంతు బానే పెగుల్తుంది. ప్రోగ్రామ్ పేరు ఎనిమిది అక్షరాలు దాటకూడదు, కాబట్టి అది ఏం చేస్తుందో పెట్టినాయనకే తెలియాలి, ఆయనేమో రిటైరైపోయాడు.

పోనీ నువ్వు పోతావా అంటే అదీ లేదు. స్టీవార్ట్ ఆల్సప్ అనే కాలమిస్టు 1991లోనే ముహూర్తం పెట్టాడు, 1996 మార్చి 15న ఆఖరి మెయిన్‌ఫ్రేమ్ ప్లగ్ పీకేస్తారని. అదేం జరగలేదు, 2020లో కరోనాకి నిరుద్యోగ భృతి దరఖాస్తులు పోటెత్తితే న్యూజెర్సీ గవర్నర్ కోబాల్ వచ్చినవాళ్లు కావాలని అందరి ముందూ అడగాల్సొచ్చింది. మా దగ్గరా కొత్త పెద్దసారు వచ్చినప్పుడల్లా క్లౌడ్‌కి వెళ్లిపోతున్నాం అంటాడు, ఓ అందమైన యాప్ వస్తుంది, అందులో బటన్ నొక్కితే తిరిగి తిరిగి నీ గుమ్మంలోకే వచ్చి నిలబడుతుంది. నువ్వు కిమ్మనకుండా పని చేసి పంపిస్తావు, ఒప్పుకోవాలి, క్రెడిట్ యాప్‌కి.

అయినా ఆ వార్నింగ్ సంగతి వదలను. రాత్రికి జీతాల బ్యాచ్ ఉంది, అది సక్రమంగా నడిపించు, మన గొడవ రేపు చూసుకుందాం.