మూడో ముడి మాయమైంది

మొన్న రాత్రి మా మేనత్త కూతురి పెళ్లి. "నీకు కెమెరా ఉందిగా, వీడియో నువ్వే తియ్యరా" అన్నారు. పగలంతా పెద్ద పనిమంతుడిలా లెక్కలు కట్టుకున్నాను. మన కరెంటు 50 సైకిల్స్ కాబట్టి సెకనుకు 25 ఫ్రేములు, షట్టరు తెరిచి ఉండేది సెకనులో 1/50 వంతు. అమెరికా లెక్కన 1/60 పెడితే మన లైట్ల మిణుకుకి బొమ్మ మీద చారలు పాకుతాయి. మధుపర్కాల తెలుపుకు కెమెరా బెదరకుండా, బొమ్మ వెలుగు పెంచే తగ్గించే ఐఎస్ఓ కూడా ముందే బిగించేశా.

ముహూర్తం దగ్గరపడుతుండగా ఈవెంట్ మేనేజర్ కుర్రాడు వచ్చాడు. చెవిలో బ్లూటూత్, నోట్లో కిళ్లీ. "లైవ్‌కి మాన్యువల్ ఏంటన్నా!" అంటూ నన్ను అడక్కుండానే, వెలుగు సంగతి కెమెరాయే చూసుకునేలా డయల్ ఆటోకి తిప్పేసి వెళ్లిపోయాడు.

మండపం వెనకాల ఇతగాడే పెట్టించిన ఎల్ఈడీ గోడ. దాని మీద వచ్చేది నా కెమెరా బొమ్మే. గట్టిమేళం మొదలైంది. గోడ మరీ వెలిగిపోతోందని కెమెరా బొమ్మను చీకటి చేసింది. బొమ్మతోపాటు గోడా చీకటైంది. అయ్యో చీకటి అని కెమెరా వెలుగు పెంచింది. గోడ భగ్గుమంది. ఫ్యాన్ రెగ్యులేటర్ దగ్గర అత్తాకోడళ్లలా ఒకరు పెంచడం, ఒకరు తగ్గించడం.

మొదటి ముడికి పౌర్ణమి. రెండో ముడికి అమావాస్య. మూడో ముడికి గోడంత తెలుపులో పెళ్లికొడుకు మీసం, పెళ్లికూతురి బుగ్గచుక్క తప్ప ఏమీ మిగల్లేదు. ముక్కుల్లేవు, మెడల్లేవు, తాళీ లేదు. ఆ మీసానికీ ఆ చుక్కకీ పెళ్లవుతున్నట్టుంది. ఎదురుగా అసలు జంట నిక్షేపంగా ఉన్నా జనం చూపంతా గోడ మీదే. అక్షింతలు పట్టుకున్న చేతులు గాల్లో ఆగిపోయాయి. ముందు వరసలో ఓ పెద్దాయన "గ్రహణం విడిచాక వెయ్యాలేమో" అన్నాడు. పంతులుగారు మంత్రం ఆపి నావైపు చూశారు. సన్నాయి మాత్రం ఆగలేదు.

నేను డయల్ వెనక్కి తిప్పేసరికి తలంబ్రాలైపోయాయి.

చీకట్లో పడినదాన్ని కొంతైనా పైకి లాగొచ్చు. తెల్లగా కాలిపోయిన చోట లాగడానికేం ఉంటుంది? ఈ మాటే మేనేజర్‌తో అంటే "ఎడిటింగ్‌లో చూసుకోండన్నా" అని గోడకి విడిగా బిల్లు రాసుకుని పోయాడు.

నిన్న అత్తయ్య ఫోన్ చేసింది. "ఆ మూడో ముడి ఒక్కటీ మళ్లీ వేయిస్తాం, తీసి అతికించరా."

అల్లుణ్ని మాత్రం నేనే అడగాలట.